ప్రభువు ఆ మాట ఎవరితో అన్నాడు?



అధ్యక్షుడైనవాడు సదస్సుకు వచ్చిన పత్రాలన్నిటినీ ఒకసారి తడిమి, తలా ఒక మంచి మాట చెప్పి కూర్చోవడం మన ఆనవాయితీ. ఆ పని ముగింపు సభలో చేస్తాను. ఇప్పుడు ఒక్క వాక్యం గురించే మాట్లాడతాను. పరిశుద్ధాత్మకు విరోధమైన దూషణకు క్షమాపణ లేదని సువార్తల్లో ఉన్న మాట అది. జీవితమంతా కొత్త నిబంధన పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. మరే వాక్యమూ నన్ను ఇంతగా వెంటాడలేదు. ఎందుకో ముందే చెప్పేస్తాను.

నాకప్పుడు 27 ఏళ్ళు. వేదాంత కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని ఏడాది కాలేదు. కాలవ గట్టున ఉన్న ఒక పల్లెలో ఉజ్జీవ కూటాలకు పిలిచారు. మూడో రాత్రి మత్తయి 12వ అధ్యాయం తీసుకున్నాను. పెట్రోమాక్స్ దీపాల కింద చాపల మీద ఊరంతా కూర్చుని ఉంది. క్షమాపణ దొరకని పాపం ఒకటి ఉందని గంటన్నర చెప్పాను. అది ఏమిటో మాత్రం విడమరిచి చెప్పలేదు. చెప్పకుండా వదిలేస్తేనే భయం ఎక్కువ పుడుతుందని నాకు తెలుసు. ఆ రాత్రి చాలామంది ఏడ్చారు. పరిశుద్ధాత్ముడు బలంగా పనిచేశాడని అందరూ అన్నారు. నేనూ నమ్మాను.

పదకొండేళ్ళ తర్వాత ప్రభువు బల్ల ఇవ్వడానికి అదే పల్లెకు వెళ్ళాను. రొట్టె విరిచే వేళకు వెనక గోడ దగ్గర కూర్చున్న ఒకామె కొంగు తల మీదికి లాక్కుని లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆరాధన అయ్యాక సంఘపెద్దను అడిగాను. ఆమె బల్ల ముట్టదండీ, చాలా ఏళ్ళయింది అన్నాడు. తవ్వి అడిగితే సంగతి బయటికొచ్చింది. నా కూటాలకు నెల ముందు ఆమె ఆరేళ్ళ కొడుకు జ్వరంతో పోయాడట. పిల్లవాడు బతకాలని మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించిన ఆడవాళ్ళే సమాధి దగ్గర కూడా ప్రార్థన మొదలుపెట్టేసరికి, ఆ తల్లి కడుపుకోత ఆపుకోలేక, ఆత్మా లేదు గీత్మా లేదు, మీ ఆత్మకు కళ్ళు పోయాయి అని అరిచింది. ఆ తర్వాత నెలకు నేను వెళ్ళి, దీపాల వెలుగులో నిలబడి, ఆమెకు తీర్పు చదివాను. నాకు తెలియకుండానే చదివాను. కానీ చదివింది నేనే.

అప్పటినుంచి ఈ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. అలా చదివి నేను చేరిన చోటేదో ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

మార్కు మూడో అధ్యాయానికి వెళ్దాం. యేసు ఒక ఇంట్లో ఉన్నాడు. అన్నం తినడానికి కూడా తీరిక లేనంత జనం. ఆయనకు మతి చలించిందని ఇంటివారు ఆయన్ని పట్టుకుపోవడానికి బయలుదేరారు. అదే సమయానికి యెరూషలేము నుంచి శాస్త్రులు దిగివచ్చారు. మార్కు ఈ రెండు సంగతుల్నీ ఒకదానిలో ఒకటి పొదిగి చెప్పాడు. ఇంటివారు బయలుదేరడం ముందు, శాస్త్రుల మాట నడుమ, ఇంటివారు వచ్చి బయట నిలబడి కబురంపడం చివర. ఇలా పొదగడం ఆయనకు అలవాటే. పక్కపక్కన పెడితే తేడా కనబడుతుందని ఆయన ఉద్దేశం.

తేడా ఏమిటి? ఇంటివారిదీ పొరపాటే, చిన్నదేమీ కాదు. దేవుని పనిలో ఉన్నవాణ్ణి పిచ్చివాడనుకున్నారు. అయినా వారితో క్షమాపణ లేదన్న మాట అనలేదు. యేసు సోదరుల్లో ఒకడైన యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి స్తంభమయ్యాడు. ప్రేమ ఉండి పొరబడినవారు వాళ్ళు. శాస్త్రులు వేరు. వారు రాజధాని నుంచి వచ్చినవారు, ధర్మశాస్త్రం ఎరిగినవారు. ఏది దేవునిది, ఏది కాదు అన్న ప్రశ్న వస్తే జనం ఎవరి మొహం వైపు చూస్తారో ఆ మనుషులు. దయ్యాలు వదిలిపోతున్నాయన్న సంగతిని వారు కాదనలేదు. ఇది చాలామంది గమనించరు. జరిగిన మేలును ఒప్పుకుంటూనే దానికి పేరు మార్చారు. బయెల్జెబూలు పట్టినవాడు, దయ్యాల అధిపతి బలంతోనే దయ్యాల్ని వెళ్ళగొడుతున్నాడు అన్నారు. మత్తయి చెప్పిన కథలోనైతే బాగుపడిన మనిషి అక్కడే ఉన్నాడు. గుడ్డివాడు చూస్తున్నాడు, మూగవాడు మాట్లాడుతున్నాడు. ఆ మనిషి కళ్ళు పండితులకు సాక్ష్యంగా ఆనలేదు.

అప్పుడు యేసు వారిని దగ్గరకు పిలిచాడని మార్కు రాశాడు. దూరం నుంచి శాపం పెట్టలేదు. పిలిచి, వాదించాడు. చీలిపోయిన రాజ్యం నిలవదన్నాడు. బలవంతుణ్ణి కట్టివేయకుండా వాడి ఇల్లు దోచలేరన్నాడు. ఆ తర్వాతే ఆ వాక్యం. నిశ్చయంగా చెబుతున్నానని ఆమెన్‌తో మొదలుపెట్టి ఆయన పలికే మాటలు మార్కు సువార్తలో చాలా ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది ఇదే. ఆ ఆమెన్ తర్వాత గ్రీకులో వచ్చే మాట ‘పంత’, అంటే అన్నీ. వెనువెంటనే క్షమించబడతాయి అన్న క్రియ. ఏవి క్షమించబడతాయో చెప్పే పాపాలూ దూషణలూ వాక్యం చివరికి గానీ రావు. అంటే వినేవాడి చెవిన ముందు పడేది ‘అన్నీ క్షమించబడతాయి’ అన్న మాట. దూషణలు కూడా ఆ అన్నింటిలో ఉన్నాయి. మినహాయింపు ఆ తర్వాత వస్తుంది. ఆ రాత్రి నేను చేసిందేమిటంటే మొదటి సగాన్ని మింగేసి రెండో సగాన్ని గంటన్నర సాగదీయడం. ఇంతటి వాగ్దానాన్ని కేవలం గుమ్మంగా వాడుకుని మినహాయింపులో కాపురం పెట్టే ప్రసంగాలు ఇవాళ్టికీ వింటున్నాను.

మార్కు అక్కడితో ఆగలేదు. యేసు ఎందుకలా అన్నాడో తానే కలగజేసుకుని చెప్పాడు: ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వారు అంటున్నారు గనక. సువార్తికుడు ఇలా నడుమ దూరి కారణం చెప్పిన చోట మనకు వేరే కారణాలు వెతికే హక్కు తక్కువని నా అభిప్రాయం. ఆ క్రియ గ్రీకులో ఒక్కసారి నోరు జారినదాన్ని చెప్పే రూపంలో లేదు. అంటూ ఉన్నారు, అంటూ వచ్చారు అనే రూపంలో ఉంది. సమాధి దగ్గర ఒక్కసారి అరిచిన తల్లికీ, పని కట్టుకుని ప్రయాణం చేసి వచ్చి అదే మాట అంటూ తిరిగిన పండితులకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ ఒక్క క్రియారూపం చెబుతుంది.

ఇక మన భాష సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, సాహిత్య సదస్సు గనక. విశాఖపట్నంలో లండన్ మిషనరీ డెగ్రాంజ్, ఆనందరాయర్ సహాయంతో తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. మనం మాట్లాడుకుంటున్న మాట ఉన్నది సరిగ్గా ఆ మూడింటిలోనే. యోహానులో లేదు. అంటే మన అచ్చు సువార్తలకు ఎంత వయసుందో తెలుగులో ఈ భయానికీ అంత వయసుంది.

అయితే ‘క్షమింపరాని పాపం’ అనే పదబంధం ఆ మూడు సువార్తల్లో ఎక్కడా లేదు. అది మనం తర్వాత పెట్టుకున్న పేరు. ఆ పేరులోని ‘రాని’ అన్న ముక్కను పట్టి చూడండి. చేయరాని పని అంటే చేయకూడని పని. పట్టరాని సంతోషం అంటే పట్టి ఆపలేని సంతోషం. ఒకటి నిషేధం, ఒకటి అశక్తత. క్షమింపరాని పాపం అన్నప్పుడు దేవుడు క్షమించకూడదనా, క్షమించలేడనా? రెండూ తప్పే. దేవునికి నిషేధం పెట్టేవాడు లేడు, ఆయనకు అశక్తతా లేదు. మార్కు వాడిన మాట వేరు. అలాంటివాడికి విడుదల లేదు అన్నాడు. విడుదల అనే ఎందుకంటున్నానంటే, గ్రీకులో అక్కడున్న ‘ఆఫెసిస్’ అనే మాటనే లూకా నాలుగో అధ్యాయంలో చెరలో ఉన్నవారి విడుదలకు వాడారు. చెర తలుపు తెరిచినవాణ్ణే దొంగ అని తరిమేస్తే విడుదల ఎక్కడినుంచి వస్తుంది?

మన ‘క్షమాపణ’లో ఇంకో చిత్రం ఉంది. సంఘంలో పాపక్షమాపణ అంటే దేవుడు ఇచ్చేది. బయట బజారులో క్షమాపణ అంటే తప్పు చేసినవాడు చెప్పేది. ఫలానావాడు క్షమాపణ చెప్పాడు అంటాం. ఒకే మాట, ఇచ్చే చేతికీ చాచే చేతికీ. ఇవాళ బడికెళ్ళే పిల్లవాడు ‘క్షమాపణ లేదు’ అన్న మాట వింటే, తప్పు చేసినవాడు ఒప్పుకోలేదని అర్థం చేసుకుంటాడు. మూలభాషలో ఆ అర్థం లేదు, దాని మీద సిద్ధాంతం కట్టమని నేను చెప్పను. కానీ ఆ పిల్లవాడు తెలియక చేరుకున్న చోటికే అగస్టీను ఏళ్ళ తరబడి ఆలోచించి చేరుకున్నాడు.

మూడో మాట ‘నిత్యపాపం’. మార్కు వాక్యం చివర పాత ప్రతుల్లో ఉన్నది ఇదే. తర్వాతి ప్రతుల్లో కొన్నిటిలో అక్కడ తీర్పు అన్న మాట చేరింది. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదం వాటినే అనుసరించి నిత్యశిక్ష అన్న అర్థం తెచ్చింది. మన వాడుక బైబిలు నిత్యపాపం అనే ఉంచింది. మన అనువాదకులకు నేను రుణపడి ఉన్నాను. నిత్యశిక్ష అంటే ఒకనాటి తప్పుకు ఎప్పటికీ దెబ్బలు. నిత్యపాపం అంటే మనిషి ఎప్పటికీ వదలని తప్పు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

సంఘచరిత్రలోకి వస్తే, ఈ వాక్యం మొదట ఎలా వాడుకలోకి వచ్చిందో దిదాఖే అనే చిన్న పుస్తకంలో కనబడుతుంది. 1056లో నకలు చేసిన ఒక ప్రతిని కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతాచార్యుడు 1873లో కనుగొని పదేళ్ళకు అచ్చు వేయించాడు. రచన మాత్రం ఆదిమ సంఘ కాలానిది. అందులో 11వ అధ్యాయం ఊరూరా తిరిగే ప్రవక్తల గురించి. ఆత్మావేశంలో మాట్లాడే ప్రవక్తను పరీక్షించవద్దు, ఆ పాపానికి క్షమాపణ లేదు అంటుంది. ఆ ఒక్క వాక్యాన్ని చింపుకుని జేబులో వేసుకునే బోధకులు ఏ కాలంలోనైనా ఉంటారు. అయితే దాని చుట్టూ ఉన్నవేమిటో చూడండి. ఆత్మలో మాట్లాడే ప్రతివాడూ ప్రవక్త కాడట, ప్రభువు నడవడి ఉన్నవాడే ప్రవక్తట. వచ్చినవాడు మూడు రోజులు తిష్ఠ వేస్తే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు రొట్టె తప్ప డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. మాటను కాదు, మనిషిని చూడమని ఆ పుస్తకం చెబుతోంది. ఇంత పొందికైన జాగ్రత్త ఆ తర్వాత మళ్ళీ ఎక్కడా నాకు కనబడలేదు.

మూడో శతాబ్దంలో దెకియ చక్రవర్తి హింసలో చాలామంది క్రైస్తవులు ప్రాణభయంతో విగ్రహాలకు బలులిచ్చారు. హింస తగ్గాక ఏడుస్తూ తిరిగొచ్చారు. వారిని చేర్చుకునే అధికారం సంఘానికి లేదన్నాడు రోములో నొవాతియను. 251లో వేరు కుంపటి పెట్టాడు. కార్తేజీ బిషప్పు కుప్రియాను, తగిన పశ్చాత్తాపం చూపినవారిని చేర్చుకోవాల్సిందే అన్నాడు. అలా అన్నది మెత్తని మనిషేమీ కాదు. 258లో తన విశ్వాసం కోసం తల ఇచ్చినవాడు. నొవాతియను వాదం మన వాక్యం ఒక్కదాని మీదే కట్టింది కాదు. కానీ బాప్తిస్మం తర్వాత పడిపోయినవారి పాపమే ఆత్మ మీద దూషణ అని ఓరిగెను, థెయోగ్నోస్తు అనుకున్నట్టు నాలుగో శతాబ్దంలో అథనాసియు సెరాపియోనుకు రాసిన ఉత్తరాల్లో చెప్పాడు. చెప్పి, ఒప్పుకోలేదు. పరిసయ్యులకు బాప్తిస్మమే లేదు కదా, వారితో ఆ మాట ఎలా అన్నాడు అని అడిగాడు. ఎంత సూటి ప్రశ్న! ఎవరితో అన్నాడు అని అడగడం అథనాసియు దగ్గరే నేర్చుకున్నాను.

అగస్టీను 71వ ప్రసంగం మొత్తం ఈ వాక్యం మీదే. లేఖనాల్లో ఇంతకంటే పెద్ద ప్రశ్న, కష్టమైన ప్రశ్న బహుశా లేదన్నాడు. అందుకే చాలాకాలం దీని జోలికి పోలేదని ఒప్పుకున్నాడు. ఆత్మ మీద అన్న ఏ మాటకైనా క్షమాపణ లేకపోతే, నిన్నటిదాకా సంఘాన్ని తిట్టి ఇవాళ బాప్తిస్మానికి వచ్చిన అన్యుడికి దిక్కేది, తిరిగొచ్చిన భేదవాదికి దిక్కేది అని వాదించాడు. చివరికి తేల్చిందేమిటంటే, ప్రాణం పోయేదాకా పశ్చాత్తాపపడని మొండి గుండే ఆ పాపం. దీనివల్ల ఒక గొప్ప మేలు జరిగింది: బతికున్న ఏ మనిషి మీదా ఆ ముద్ర వేయడానికి వీల్లేకుండా పోయింది. కానీ, నా కొరత చెప్పనివ్వండి, ఆ పరిష్కారంలో శాస్త్రులు మాయమయ్యారు. బాగుపడిన గుడ్డివాడూ మాయమయ్యాడు. మార్కు పనిగట్టుకుని చెప్పిన కారణం పక్కకు జరిగిపోయింది. పాపం అందరి మెడకూ సమానంగా సరిపోయే వస్తువైంది. పండితులకు ఊపిరి తిరిగింది.

యోహాను క్రిసోస్తొము అంతకుముందే, ఆ పాపం చేసినవారు కూడా పశ్చాత్తాపపడి క్షమాపణ పొందారని చెప్పాడు. తోమా అక్వీనాసు 13వ శతాబ్దంలో దాన్ని జబ్బుతో పోల్చాడు. మందును కడుపులోకి పోనివ్వని జబ్బు స్వభావంచేత నయం కానిది. అయినా దేవుడు కొన్నిసార్లు అలాంటిదాన్నీ అద్భుతంగా నయం చేస్తాడు అన్నాడు. కాల్విను, సత్యపు వెలుగు తగిలాక కూడా కావాలని దాన్ని ఎదిరించడమే ఆ పాపం అన్నాడు. వెస్లీ ఇంకా ఇరుకు చేశాడు. యేసు ఆత్మబలంతో చేసిన అద్భుతాల్ని సాతానుకు అంటగట్టడం తప్ప అది మరేమీ కాదన్నాడు. వెస్లీ ఇరుకుతనం నాకిష్టం. ఇరుకు తలుపులోంచి లోపలికి లాగబడే అమాయకులు తక్కువ.

అమాయకులు అన్నాను. ఇక వారి గురించి చెప్పాలి. మన ఇళ్ళలో యాత్రికుని ప్రయాణం ఉంటుంది. దాన్ని రాసిన జాన్ బన్యన్ 1666లో తన సొంత కథ కూడా రాశాడు, బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్న ఏళ్ళలో. ఆత్మను దూషించే మాట తన నోట ఎక్కడ వచ్చేస్తుందోనన్న భయంతో గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు తెరుచుకోకుండా పట్టుకునేవాడట. పెంటగుంటలో తలకిందులుగా దూకేద్దామనిపించేదట, నోరు మూతపడుతుందని. ఒకనాడు మనసులో ఏదో మాట మెదిలింది. ఇక అయిపోయింది, ఏశావులాగా అమ్మేసుకున్నాను అనుకున్నాడు. భక్తిలో పండిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నేను ఆ పాపం చేశాననిపిస్తోంది అని చెప్పాడు. ఆ పెద్దాయన ఏమన్నాడో తెలుసా? నాకూ అలాగే అనిపిస్తోంది అన్నాడు.

ఆ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసేశాను. ఆ పెద్దాయన మొహంలో నా మొహం కనబడింది. బన్యన్ బయటపడ్డాడు, గలతీయుల మీద లూథర్ రాసిన వ్యాఖ్యానం చదివి కొంత, వాక్యాలకు వాక్యాలతోనే జవాబు వెతుక్కుని కొంత. అతని కంటే వందేళ్ళ ముందు ఇటలీలో పాదువా దగ్గర ఫ్రాంచెస్కో స్పియేరా అనే న్యాయవాది బయటపడలేదు. విచారణ సభ ముందు తన విశ్వాసాన్ని కాదన్నాడు. ఇక తనకు క్షమాపణ లేదన్న నిరాశలో 1548లో చచ్చిపోయాడు. అతని కథ యూరప్ అంతా పుస్తకాలై తిరిగింది. బన్యన్ దాన్ని చదివి పచ్చిపుండు మీద ఉప్పు రుద్దినట్టయిందన్నాడు. విలియం కౌపర్ సంగతీ అంతే. న్యూటన్‌తో కలిసి 1779లో ఓల్నీ కీర్తనలు ఇచ్చిన కవి. అమేజింగ్ గ్రేస్ అచ్చయింది ఆ పుస్తకంలోనే. తన పాటలతో ఎందరినో కృపలోకి నడిపించినవాడు, 1773 తర్వాత తాను మాత్రం విడిచిపెట్టబడ్డవాణ్ణనే నమ్ముతూ 1800లో కన్నుమూశాడు.

ఇలాంటి బాధకు పాశ్చాత్య సంఘం పెట్టిన పేరు లాటిన్‌లో కరుకైన చిన్న రాయి అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది. నడిచేవాడికి తప్ప పక్కవాడికి కనబడని రాయి. వద్దన్నకొద్దీ మనసులోకి వచ్చే దూషణ తలపుల్ని మనోవైద్యులు ఇవాళ ఓసీడీ రూపాల్లో ఒకటిగా గుర్తుపడుతున్నారు, వైద్యమూ ఉంది. కాపరులకు చేతులెత్తి మనవి చేస్తున్నాను. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి, అయ్యగారూ నేను ఆత్మను దూషించానేమో అని ఏడ్చే కుర్రవాడితో ఉపవాసం చేయించకండి. అతనితో కలిసి ప్రార్థన చేయండి, మనోవైద్యుడి దగ్గరికి తోడు వెళ్ళండి. శాస్త్రులు అలా ఫోన్ చేయరు. వారికి నిద్ర బాగానే పట్టింది.

ఆత్మహత్యను కూడా ఈ వాక్యం కిందికి లాగుతారు, పశ్చాత్తాపానికి సమయం ఉండదని. ఆ మూడు సువార్తల్లో ఆ ఊసే లేదు. కతోలిక సంఘం 1917 ధర్మసూత్రాల్లో ఆత్మహత్య చేసుకున్నవారికి సమాధి కర్మ నిరాకరించింది, 1983 సూత్రాల్లో ఆ మాట తీసేసింది. మన ఊళ్ళలో అప్పు తీర్చలేక పురుగుమందు తాగిన రైతుకు సమాధుల తోటలో చోటివ్వడానికి తటపటాయించిన సంఘాల్ని నేను చూశాను. ఆ రోజు ఆ ఇంటి ఆడవాళ్ళ మొహాలు కూడా చూశాను.

ఇక ఈనాటి మాట. ఒక బోధకుడు వేదిక మీద స్వస్థత అంటాడు. ఎవరో ఒక చదువుకున్న పిల్ల, డాక్టరు రిపోర్టు చూపించండి అంటుంది. వెంటనే మైకులో హెచ్చరిక: అభిషిక్తుణ్ణి ముట్టవద్దు, ఆత్మను దూషిస్తే క్షమాపణ లేదు. కథ ఎంత తలకిందులైందో చూడండి. గలిలయలో ఆ మాట అధికారం లేనివాడి నోట వచ్చింది, అధికారం ఉన్నవారిని ఉద్దేశించి. ఇక్కడ అధికారం ఉన్నవాడి నోట వస్తోంది, ప్రశ్న అడిగినవారి మీదికి. పత్రాలు రాసుకునే మనం కూడా దీనికి దూరంగా ఏమీ లేము. చదువురాని కూలీ మనిషి ప్రార్థనలో నిజంగా ఒక తాగుబోతు మారితే, దాన్ని మూకావేశం అని ఒక్క మాటలో కొట్టేసి పాదసూచిక రాసుకున్న పాపం మనది. దేవుని వేలు కదిలిన చోట ఆ మనిషిని కళ్ళెత్తి చూడకుండా పేరు పెట్టేయడం, అదీ శాస్త్రుల దారి.

అమెరికా రచయిత హాథార్న్ 1850లో ఏతన్ బ్రాండ్ అనే కథ అచ్చు వేశాడు. సున్నపు బట్టీ కాల్చే మనిషి ఒకడు. రాత్రిళ్ళు మంట ముందు కూర్చుని క్షమాపణ లేని పాపం ఏమిటో వెతకాలనుకుంటాడు. 18 ఏళ్ళు దేశాలు తిరిగి వస్తాడు. దొరికిందంటాడు, తన గుండెలోనే. బుద్ధి పెరిగి పెరిగి తోటిమనిషి మీది ప్రేమను మింగేయడమే అది. మనుషుల్ని పరీక్షకు పెట్టిన వస్తువుల్లా చూశాడు, ఒక ఆడపిల్ల బతుకును అలా ప్రయోగంగా పాడుచేశాడు. చివరికి తన బట్టీలోనే కాలిపోతాడు. తెల్లారి చూస్తే ఎముకలు సున్నమై ఉన్నాయి, గుండె ఉండాల్సిన చోట గుండె ఆకారంలోనే సున్నం. వేదాంతులు వదిలేసిన శాస్త్రుల్ని ఒక కథకుడు పట్టుకున్నాడు. ఆ కథను తెలుగు చేయమని మా విద్యార్థులకు ఎప్పటినుంచో చెబుతున్నాను. ఈ సదస్సులో యువకులెవరైనా పూనుకుంటే సంతోషిస్తాను.

పల్లెలో ఆ మధ్యాహ్నం సంగతి మిగిలింది. సంఘపెద్దను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది, నన్ను చూసి లేచి పీట వేసింది. నేను కూర్చోలేదు. పదకొండేళ్ళ కిందట ఇక్కడ ప్రసంగం చేసింది నేనేనమ్మా, తప్పుగా చెప్పాను అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మార్కు మూడో అధ్యాయం మొత్తం చదివి వినిపించాను. అన్నీ క్షమించబడతాయన్న చోట ఆగి మళ్ళీ చదివాను. సమాధి దగ్గర నువ్వు అన్నది తల్లి ఏడుపు, దూషణ కాదు అన్నాను. ఆమె చాలాసేపు నేలవైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలెత్తి అడిగింది.

“ప్రభువు ఆ మాట ఎవరితో అన్నాడండీ?”

“పెద్ద చదువులు చదివిన బోధకులతో అమ్మా.”

“మరి మీరు మాకెందుకు చెప్పారు అయ్యగారూ?”

ఆ ప్రశ్నను అలాగే ఈ సభ ముందు ఉంచుతున్నాను. మార్కు మూడో అధ్యాయం మీద తొలి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను.